గొల్లభామా – బ్రేకు ఇన్‌స్పెక్టరూ

కోటప్పకొండ కథ తెలియనివాళ్ళు మా పల్నాట్లో ఉండరు. ఆనందవల్లి అనే గొల్లపడుచు రోజూ కొండెక్కి స్వామిని కొలిచేది. నిండు చూలాలై కొండ ఎక్కలేకపోతూ ఉంటే స్వామి జాలిపడి, “నేనే నీ వెంట కిందికి వస్తాను. నువ్వు ముందు నడు. వెనక్కి మాత్రం తిరిగి చూడకు సుమా” అన్నాడట. కొంతదూరం దిగేసరికి వెనకనుంచి కొండలు బద్దలయ్యేటంత చప్పుడు. కడుపుతో ఉన్న మనిషి, భయం వేయదూ? తిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగిపోయి త్రికోటేశ్వరుడై వెలిశాడు. ఆమె శిల అయిపోయింది. ఇవాళ్టికీ చాలామంది ముందు గొల్లభామ గుడి దగ్గర ఒక దణ్ణం పెట్టుకొని గాని పైకి వెళ్ళరు.

ఈ కథ ఇప్పుడెందుకంటారా? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో పదిహేనవ నియమం ఒకటి ఉంది. డ్రైవింగు లైసెన్సు కోసం వచ్చిన మనిషి ఏమేమి చేసి చూపించాలో అందులో వరసగా వ్రాశారు. ఆ వరసలో మొట్టమొదటిది ఏమిటనుకున్నారు? వెనక వచ్చేవి కనబడే అద్దాన్ని సరిచేసుకోవడం! ఇంజను స్టార్టు చేయడం కూడా ఆ తరువాతే. “తల వంచుకొని నడు, దిక్కులు చూడకు, వెనక్కి తిరక్కు” అని పెంచిన ఆడపిల్లల్ని పట్టుకొని, యాభయ్యేళ్ళు వచ్చాక “వెనక్కి చూడందే పాసు కావు పో” అంటే, కాళ్ళు వణకడంలో ఆశ్చర్యమేముంది చెప్పండి?

బండి నడపడానికి భయం వేరు, పరీక్షకు భయం వేరు. మా నరసరావుపేటలో స్కూటీల మీద పిల్లల్ని బళ్ళో దింపి, కూరగాయలు తెచ్చి, అత్తగారిని ఆసుపత్రికి తిప్పే ఇల్లాళ్ళు లెక్కలేనంతమంది. మిరపకల్లాలకు అన్నం క్యారియర్లు కట్టుకొని టి.వి.ఎస్. మీద గతుకుల డొంకల్లో పోయే ఆడవాళ్ళను చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. వాళ్ళు మాత్రం ఎదురుగా నాపరాళ్ళ లారీ వచ్చినా చలించరు. అదే మనిషిని సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద ఒక్క చుట్టు తిప్పి చూపించమనండి. నోరు తడారిపోతుంది. ఎందుకంటే అక్కడ ఎవరో ఒకాయన చేతిలో కాగితం పట్టుకొని నిలబడి చూస్తూ ఉంటాడు.

ఆ ఒకాయన్ని ప్రభుత్వం వారు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అంటారు. మన ఊళ్ళలో మాత్రం ఆయన బ్రేకు ఇన్‌స్పెక్టరు. బస్సులకూ లారీలకూ బ్రేకులు చూసి సరేననేది ఆయనే గనక ఆ పేరు వచ్చి ఉంటుందని నా ఊహ. ఏమైతేనేం, ఆ పేరు వింటేనే సగం ఇంజను ఆగిపోతుంది.

అసలీ పరీక్ష అనేది ఎప్పుడు మొదలయిందా అని నాకు కుతూహలం పుట్టింది. తీరా చూస్తే, కారు ముందు పుట్టింది, పరీక్ష తరువాత పుట్టింది. ఆ రెంటి నడుమ కారుకు దారి చూపించింది ఒక ఇల్లాలు.

జర్మనీలో కార్ల్ బెంజ్ అనే ఆయన మూడు చక్రాల మోటారు బండి ఒకటి తయారు చేశాడు. దాన్ని వీధుల్లో నడుపుకోవడానికి 1888లో బాడెన్ సంస్థానం వారు ఆయన పేరున అనుమతి పత్రం ఇచ్చారు. పరీక్షా గిరీక్షా ఏమీ లేదు. ఆ బండి కొనడానికి మాత్రం జనం ముందుకు రాలేదు. ఆ ఏడాది ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఏం చేసిందంటే, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకొని, భర్తతో మాట మాత్రంగానైనా చెప్పకుండా, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరింది. ఫోర్జ్‌హైమ్ ఆమె పుట్టిల్లు! వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. దారిలో చమురు అయిపోతే మందుల షాపులో కొన్నది. చమురు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకున్న సూదితో పొడిచి బాగుచేసింది. ఒక తీగ ఒరుసుకుపోతూంటే మేజోడు పట్టీ తీసి చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత తోలు ముక్కలు కొట్టించింది. ఎత్తు వచ్చిన చోటల్లా కొడుకులు దిగి తోశారు. ఇంటికి తిరిగి వచ్చి, ఎత్తు ఎక్కడానికి ఇంకొక గేరు పెట్టమని మొగుడికి సలహా కూడా ఇచ్చింది. అనుమతి పత్రం మొగుడి పేరున, నడిపింది పెళ్ళాం. పుట్టింటికి పోవాలనే పంతం ఎంతటి పనైనా చేయిస్తుందని మన అమ్మమ్మలు చెప్పనే చెప్పారు.

పరీక్ష మాట మొదట ఎత్తినది పారిస్ నగరం పోలీసులు. 1893 ఆగస్టులో, సామర్థ్య పత్రం లేనిదే మోటారు బండి నడపరాదని ఉత్తర్వు వేశారు. అయిదేళ్ళ తరువాత, 1898లో, ఆ పత్రం సంపాదించిన తొలి ఫ్రెంచి మహిళ యూజె డచెస్. గొప్పింటి ఆవిడ. పత్రం వచ్చిన కొద్ది కాలానికే, బ్వా ద బులోన్ అనే తోటలో గంటకు పన్నెండు కిలోమీటర్ల హద్దు దాటి నడిపిందని ఆమెకు జరిమానా పడింది. మన సందుల్లో సైకిలు మీద పోయే పిల్లవాడు ఆ వేగం దాటేస్తాడు! పరీక్ష పాసయిన ఆడది నెమ్మదిగా నడుపుతుందని ఎవరన్నారో గాని, తొలి అడుగులోనే ఆమె అది అబద్ధం చేసింది.

ఇంగ్లండువారి సంగతి మరీ తమాషా. 1903 చట్టం కింద అయిదు షిల్లింగులు కడితే చాలు, లైసెన్సు చేతికిచ్చేవారు. గుడ్డివాడు వెళ్ళినా ఇచ్చేవారేమో! 1934లో ఒక్క సంవత్సరంలో అక్కడి రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. అప్పుడు కళ్ళు తెరిచి, 1935 మార్చిలో ఇష్టమున్నవాళ్ళకు పరీక్ష పెట్టి, జూన్ 1 నుంచి తప్పనిసరి చేశారు. మొదట్లో పరీక్ష పెట్టడానికి ఆఫీసులే లేవు. రైల్వే స్టేషను దగ్గరో, పార్కు దగ్గరో, టౌన్‌హాలు ముందరో ఫలానా వేళకు నిలబడమని చెబితే, పరీక్షాధికారి అక్కడికి వచ్చి కలుసుకొనేవాడు. పెళ్ళిచూపులకు గుళ్ళో కలుసుకున్నట్టన్నమాట. ఆ ఏడాది నూటికి 63 మంది నెగ్గారు. నేర్చుకొనేవాళ్ళు బండికి ‘ఎల్’ అక్షరం తగిలించుకోవాలనే నియమం వాళ్ళు అప్పుడే పెట్టారు. మన బండ్ల మీద ఎర్ర అక్షరమై కూర్చున్నది ఆ ‘ఎల్’ బోర్డే.

మన దేశంలో 1914లో మోటారు చట్టం వచ్చింది. 1939లో దాని స్థానే వివరమైన చట్టం, ఆ తరువాత 1988 చట్టం వచ్చాయి. ఈ చివరిది 1989 జూలై 1 నుంచి అమలైంది. చట్టాలన్నిటికీ ముందే, 1905లో, ఆర్.డి. టాటా గారి భార్య సూజాన్, పుట్టుకతో ఫ్రెంచి వనిత, మన దేశంలో కారు నడిపిన మొదటి స్త్రీ అని చెబుతారు. ఆమె కొడుకే 1929లో విమానం నడపడానికి లైసెన్సు పుచ్చుకున్న జె.ఆర్.డి. టాటా. తల్లి చక్రం పట్టుకుంటే బిడ్డ రెక్కలు పట్టుకున్నాడు. 1936లో సరళా ఠక్రాల్ ఇరవయ్యొకటో ఏట, చీర కట్టుకొనే చిన్న విమానం ఒంటరిగా నడిపి లైసెన్సు సంపాదించింది. చీర కుచ్చెళ్ళు బ్రేకు కింద పడతాయని నన్ను భయపెట్టినవాళ్ళకు నేను ఈ సంగతి చెప్పి నోరు మూయించాను.

ఇక మా సీమ సంగతి. నాయకురాలు నాగమ్మ పన్నెండో శతాబ్దంలో మంత్రాంగం నడిపింది గురజాల నుంచే. మాచర్ల వైపు బ్రహ్మనాయుడూ, గురజాల వైపు ఈవిడా. కారెంపూడి రణరంగం దాకా వెళ్ళిన ఆ కథలో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని మావాళ్ళు ఇప్పటికీ రచ్చబండల మీద తగాదా పడతారు. నేను ఆ జోలికి పోను. కాని ఒక ఆడది రాజ్యం నడిపిన సీమలో, ఎనిమిదిన్నర శతాబ్దాలు కావస్తూ ఉండగా, ఒక ఆడది కారు నడుపుతానంటే “ఈ వయసులో నీకెందుకమ్మా?” అనడం మాత్రం నాకు నవ్వు తెప్పించింది.

మా అమ్మమ్మలకు ఎద్దుబండీ, అమ్మలకు బస్సూ. 1955 డిసెంబరులో నెహ్రూగారు నాగార్జునసాగరానికి పునాది వేసిన తరువాత మాచర్ల రోడ్డు మీద లారీలూ జీపులూ మొదలయ్యాయి. ఆ చక్రాల వెనక ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే. ఇంట్లో అంబాసిడరు ఉన్నవాళ్ళకు డ్రైవరూ ఉండేవాడు. స్టీరింగు పక్కన కర్రలాంటి గేరు, మన్ను తొక్కినట్టు తొక్కవలసిన క్లచ్చు. ఆడవాళ్ళు ఆ ముందుసీటు వైపు చూసేవారు కారు. 1983 డిసెంబరులో చిన్న మారుతి కారు వచ్చిన తరువాత, 1984లో గేర్లు లేని కైనెటిక్ హోండా స్కూటరు వచ్చిన తరువాత, మన చేతులకూ కాళ్ళకూ సరిపడే బండ్లు కూడా ఉంటాయని తెలిసింది. నన్నడిగితే, స్త్రీ స్వాతంత్ర్యం గురించి ఉపన్యాసాలిచ్చిన పెద్దలందరి కంటే, కిక్కు కొట్టకుండా మీట నొక్కితే స్టార్టయ్యే బండి కనిపెట్టిన వాడికే ఎక్కువ దండలు వేయాలి.

నేను నేర్చుకోవడానికి కారణం స్వాతంత్ర్యమూ కాదు, సరదా కాదు. మావారి కళ్ళకు నీటికాసులన్నారు గుంటూరు డాక్టరుగారు. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కలనుంచి వచ్చేది కనబడదు. “ఇంక కారు ముట్టుకోవద్దు” అని ఖండితంగా చెప్పేశారు. నెలనెలా గుంటూరు వెళ్ళాలి, నలభై అయిదు కిలోమీటర్లు. పిల్లలు దూర దేశాల్లో. కారు గుడ్డ కప్పుకొని వసారాలో కూర్చుంది. ఆయన రోజూ పొద్దున్నే ఆ గుడ్డ దులిపి, మళ్ళీ కప్పేవారు. పాతికేళ్ళు నడిపిన మనిషి. ఆ గుడ్డ దులపడం చూడలేక నేను డ్రైవింగు స్కూలుకు వెళ్ళాను. మిగతా కారణాలన్నీ తరువాత కల్పించుకున్నవే.

ఎల్.ఎల్.ఆర్. రావడం పెద్ద పని కాలేదు. కంప్యూటరు మీద గుర్తులు చూపించి ప్రశ్నలడుగుతారు, చదువుకుంటే వస్తుంది. అది వచ్చిన ముప్ఫై రోజులు నిండితే గాని అసలు పరీక్షకు వెళ్ళరాదు. ఆ ముప్ఫై రోజులూ చేయి తిరగడానికని చట్టం వ్రాసినవారు అనుకొని ఉంటారు. నాకు మాత్రం భయం పెంచి పోషించుకోవడానికి పెట్టినట్టే ఉండేది. పప్పులో పోపు వేస్తూ కుడికాలితో బ్రేకు నొక్కేదాన్ని.

ఆ రోజుల్లోనే ఈ భయం ఎక్కడనుంచి వస్తుందో చదవడం మొదలుపెట్టాను. హార్వర్డు వైద్య కళాశాలలో వాల్టర్ కానన్ అనే ఆచార్యుడు 1915లో ఒక పుస్తకం వ్రాశాడు. భయం కలిగినప్పుడు మూత్రపిండాల పైన ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కడుపులో జీర్ణం ఆగుతుంది, రక్తం కండరాలకు పరుగెడుతుంది. పులి వస్తే పోరాడటానికో, పారిపోవడానికో శరీరం చేసుకొనే ఏర్పాటు ఇది. వచ్చినది పులి కాదు, బ్రేకు ఇన్‌స్పెక్టరు అని శరీరానికి ఎవరు చెబుతారు? పారిపోవడానికి వీల్లేకుండా బెల్టు పెట్టుకొని సీట్లో కూర్చుంటాం. పరుగెత్తవలసిన కాళ్ళు పరుగెత్తలేక క్లచ్చు మీద వణుకుతాయి. అంతే సంగతి. వణుకు చేతకానితనం కాదు, ఖర్చుకాని బలం అని తెలిసిన తరువాత నాకు ఎంతో ఊరట కలిగింది.

అన్నట్టు, ఆ కండరాలకు బలం ఎక్కడనుంచి వస్తుందో తెలుసుకోవడానికి, ఆ హార్వర్డులోనే, 1927లో ఫిస్క్ అనే ఆయనతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంతటివాడూ మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యాడు. పరీక్ష తప్పిన పిల్లల్ని తిట్టే తల్లులు ఇది ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుండును.

నాకన్నిటికంటె నచ్చినది బొద్దింకల కథ. అసహ్యించుకోకండి, వంటింట్లో వాటిని చెప్పుతో కొట్టడం తప్ప మనకేం తెలుసు? 1969లో అమెరికాలో రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ అతని మిత్రులూ బొద్దింకలకు పరుగు పందెం పెట్టారు. ఒకవైపు వెలుగు, రెండోవైపు చీకటి. బొద్దింక వెలుగుకు దడిసి చీకట్లోకి పోతుంది. దారి రెండు రకాలు, ఒకటి తిన్నని దారి, రెండవది మలుపు తిరిగి వెళ్ళవలసినది. ఇంతవరకు సరే. కొన్నిసార్లు ఆ దారుల పక్కన పారదర్శకమైన డబ్బాల్లో మరికొన్ని బొద్దింకల్ని ప్రేక్షకులుగా కూర్చోబెట్టారు! ఏమైందంటే, చూసేవాళ్ళుంటే తిన్నని దారిలో బొద్దింక మరింత చురుగ్గా పరుగెత్తింది. మలుపుల దారిలో మాత్రం చూసేవాళ్ళుంటే ఇంకా ఆలస్యమైంది. నలుగురి చూపూ పడితే, బాగా వచ్చిన పని ఇంకా బాగా వస్తుంది, సగం వచ్చిన పని పూర్తిగా చెడుతుంది.

ఇది చదివి నేను గంటసేపు ఆలోచించాను. ఇరవై మంది చుట్టాలు పీటల మీద కూర్చొని చూస్తూ ఉంటే బూరెలు వండగలం, చేయి వణకదు. ఎందుకంటే బూరె మనకు తిన్నని దారి. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల అత్తగారి ఎదుట అన్నం వార్చబోయి గంజి ఒలకబోస్తుంది. అది ఆ పిల్లకు మలుపుల దారి. ఆ పిల్లకు వంట రాదని కాదు, ఇంకా చేతిలోకి రాలేదని. చూపులు ఎవరూ ఆపలేరు కనక మలుపుల దారిని తిన్నగా చేసుకోవడమే మిగిలింది. అంటే ఆలోచించకుండా చేయి తనంతట తాను చేసేదాకా అదే పని చేయడం. స్థిమితంగా ఉన్నప్పుడు పదిసార్లలో తొమ్మిదిసార్లు వచ్చిన పని, భయం వేసినప్పుడు ఆరుసార్లే వస్తుందనుకోండి. అలాంటప్పుడు పదికి పదీ వచ్చిన తరువాత కూడా ఇంకో పదిసార్లు చేయాలి.

మా స్కూలు కుర్రాడు ఇవేమీ చదవలేదు. కాని వాడు చెప్పిందీ అదే. “కంగారు పడమాకండమ్మా. ఇంట్లో చపాతీ తిప్పేటప్పుడు లెక్కపెడతారా ఏంది? ఇదీ అట్టాగే. తిప్పంగా తిప్పంగా అదే వస్తది.” తెల్లవారుజామున, జనం లేవకముందు, ఖాళీ స్థలంలో పిడుగురాళ్ళ సున్నంతో పెద్ద ‘హెచ్’ గీసి తిప్పించేవాడు. చేతిలో సున్నం ఉంటే నాకు మధ్యలో చుక్కలు పెట్టాలనిపించేది. ముప్ఫై అయిదేళ్ళుగా వాకిట్లో ముగ్గు వేస్తున్న ఆడదానికి గీత ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో వేరే చెప్పాలా? బండి వెనక్కి తీసేటప్పుడు దాన్ని ముగ్గుగా అనుకొన్నాక నాకు దారి తెలిసింది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించడం కూడా నియమాల్లో ఉంది. అందుకు కోటప్పకొండ ఘాట్ రోడ్డు కన్నా మంచి బడి లేదు. తిరునాళ్ళ లేనప్పుడు సుమండీ! శివరాత్రి ప్రభల మధ్యకు కారు తీసుకెళ్ళడం బ్రేకు ఇన్‌స్పెక్టరు వల్ల కూడా కాదు.

వారం రోజులు ముందుగా, చూపుల సంగతి కూడా అలవాటు చేసుకొన్నాను. వీధిలో వాళ్ళను పిలిచి నిలబెట్టాను. పక్కింటి అత్తయ్యగారు కుర్చీ వేయించుకొని, కాగితం కలం పట్టుకొని, “కుడి చెయ్యి చూపించలేదమ్మాయ్, మార్కు కొట్టేస్తున్నా” అని గద్దించేవారు. ఆవిడ బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ కళ్ళజోడు ముందు నడిపిన తరువాత ఏ ఇన్‌స్పెక్టరయినా ఒకటే!

ఇంకా రెండు మూడు ఉపాయాలు చదివాను. 2011లో చికాగోలో ఒక ప్రయోగం చేశారు. పరీక్షకు ముందు పది నిముషాలు తమ భయాలను కాగితం మీద వ్రాసిన పిల్లలకు మార్కులు మెరుగయ్యాయి. నేను పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో వ్రాశాను. ‘నలుగురూ నవ్వుతారు’ అని మొదలై, చివరికి ‘ఆయన మళ్ళీ గుడ్డ దులుపుతారు’ అన్న దగ్గర ఆగింది. అసలు భయం అదేనని వ్రాసేదాకా నాకూ తెలియదు. 2014లో హార్వర్డులోనే ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆమె ఇంకో సంగతి తేల్చింది. గుండె దడదడలాడుతున్నప్పుడు ‘స్థిమితంగా ఉన్నాను’ అని నచ్చజెప్పుకొనేవాళ్ళకన్న, ‘హుషారుగా ఉన్నాను’ అనుకొన్నవాళ్ళు పని బాగా చేశారట. నిజమే కదా, కూతురు విమానం దిగి వస్తున్నదంటే గుండె కొట్టుకొనేదీ ఇలాగే. దడ ఒకటే, పేరే వేరు. ఇక ఊపిరి సంగతి మన యోగులు ఏనాడో చెప్పారు. పీల్చినదానికంటె నిదానంగా వదిలితే గుండె నెమ్మదిస్తుంది.

తప్పితే ఏమవుతుందన్నది కూడా ముందే తెలుసుకొని పెట్టుకోవడం మంచిది. ఏడు రోజులాగి మళ్ళీ వెళ్ళవచ్చు. మూడుసార్లు తప్పితే అరవై రోజులు ఆగాలి. అంతేగాని ఉరితీయరు. ఇంగ్లండులో మిరియం హార్‌గ్రేవ్ అనే ఆవిడ 39 సార్లు తప్పి, 1970 ఆగస్టులో నలభయ్యోసారి నెగ్గింది. పాఠాలకే డబ్బంతా ఖర్చయిపోయి, కారు కొనడానికి ఏమీ మిగలలేదట పాపం! దక్షిణ కొరియాలో చా సా-సూన్ అనే ముసలమ్మ, కూరగాయలు అమ్ముకొనే మనిషి, 2005 నుంచి వ్రాత పరీక్షకే 949 సార్లు వెళ్ళి తప్పింది. బస్సులు మారుతూ పట్నానికి పోవడం, తప్పడం, తిరిగిరావడం. 2009 నవంబరులో 950వ సారి పాసయింది. బండి నడిపే పరీక్షలు కూడా కలుపుకొంటే, 2010లో లైసెన్సు చేతికొచ్చేసరికి లెక్క 960కి చేరింది. ఆమె పట్టుదల మెచ్చి హ్యుందాయ్ కంపెనీ ఒక కారు బహుమతిగా ఇచ్చింది. ఇంత సహనం మనకెక్కడిది అనకండి. మొగుడి అలవాటు మార్పించాలని మనం చేసే ప్రయత్నాల లెక్క ఎవరూ వ్రాసిపెట్టలేదు గాని, 960 అనేది ఏ మూలకు?

మన తెలుగు ఆడపడుచు మాట కూడా చెప్పుకోవాలి. నల్గొండ జిల్లా తండాలో పుట్టిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరయింది. అంతకు ముందే 1993లో తమిళనాడులో వసంతకుమారి ప్రభుత్వ బస్సు స్టీరింగు పట్టుకుంది. అంత పెద్ద బస్సును, వెనక యాభై ప్రాణాల్ని పెట్టుకొని నడిపినవాళ్ళున్నారని తలుచుకుంటే, చిన్న కారులో ‘హెచ్’ తిప్పడానికి నాకే సిగ్గేసింది. సౌదీ అరేబియాలో ఆడవాళ్ళకు 2018 జూన్ 24 దాకా కారు నడిపే హక్కే లేదు. భయపడదామన్నా పరీక్ష లేదు! పరీక్షకు భయపడటం కూడా ఒక అదృష్టమే అనిపించింది నాకు.

పరీక్ష రోజు పొద్దున్నే మా ఇంట్లో పెద్ద చర్చ, ఎదురు ఎవర్ని రమ్మనాలని. మా ఆడబిడ్డ ముత్తయిదువ కోసం వీధంతా వెదకబోయింది. పక్కింటి అత్తయ్యగారు వాకిట్లో ఉన్నవారల్లా అలవాటు ప్రకారం చటుక్కున లోపలికి తప్పుకోబోయారు. ఆయన పోయిన పన్నెండేళ్ళనుంచీ ఎవరు బయలుదేరినా ఆవిడ అలా తప్పుకుంటూనే ఉన్నారు. “అత్తయ్యగారూ, మార్కులు వేసింది మీరే, ఎదురు రావలసిందీ మీరే” అన్నాను. ఆవిడ కొంగు సర్దుకొని, గబగబా నాలుగడుగులు వేసి వచ్చారు. మా ఆడబిడ్డ మొహం ముడుచుకుంది. ముడుచుకోనీండి.

ఆఫీసు దగ్గర ఇరవై మందిమి. అందులో ఆడవాళ్ళం నలుగురం. కాలేజీ పిల్లలు మీసాలు దువ్వుకుంటున్నారు గాని, వాళ్ళ చేతులూ చల్లబడే ఉన్నాయి. నాకు ముందున్న కుర్రవాడి బండి రెండుసార్లు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరుగారు కోప్పడలేదు. “నిదానంగా బాబూ” అన్నారు. పాపం, ఆయన పని మాత్రం సుఖమా? ముక్కూ మొహం తెలియని, నడపడం వచ్చో రాదో తెలియని వాళ్ళ పక్కన రోజూ కూర్చోవాలి. అక్కడున్న అందరికంటె ఎక్కువ భయపడవలసినవాడు ఆయన. ఈ సంగతి తోచగానే నా భయంలో సగం ఆయనకు అప్పజెప్పేశాను.

కుచ్చెళ్ళకు పిన్నీసు పెట్టుకొని, చెప్పులు విడిచి, ఎక్కి కూర్చున్నాను. బెల్టు పెట్టుకొన్నాను. గొల్లభామను ఒక్క క్షణం తలుచుకొని, అద్దం తిప్పి వెనక్కి చూశాను. రాయి కాలేదు. “పోనీయండమ్మా” అన్నారాయన.

కార్డు పోస్టులో వచ్చింది. ఫోటోలో నేను నేరస్థురాలిలా ఉన్నానని మావారు. అది లైసెన్సు ఫోటోలన్నిటికీ ఉండే లక్షణమే. మరుసటి మంగళవారం గుంటూరు ప్రయాణం. వసారాలోంచి కారు తీసేటప్పుడు గుడ్డ మడత పెట్టి డిక్కీలో వేసింది ఆయనే. సాతులూరు దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఫిరంగిపురం దగ్గర మిరపకాయల ట్రాక్టరు ఒకటి అడ్డం వచ్చింది, నేను ఆపాను. పక్కకు చూస్తే, ఆయన కుడికాలు ముందు సీటు కింద నేలమీద, లేని బ్రేకును బలంగా తొక్కిపట్టి ఉంది.

“ఏమండీ, కాలు తీయండి, ఇంక బండి కదలాలి” అన్నాను.